తిరుపతిలో జర్మన్ కోచింగ్: వినడం బ్రహ్మాండం, రాయడం మన ఖర్మ

సెంటర్ పేరు రాయను, చివర్లో తిట్లున్నాయి. నేను స్టాఫ్ నర్సుని. జర్మనీ వెళ్లాలంటే ముందు బి1 అనే జర్మన్ భాష పరీక్ష గట్టెక్కాలని నాలుగు నెలలు పుత్తూరు నుంచి పొద్దున్నే బస్సులో పడి వచ్చాను. ఇరుకు గది, రెండు ఫ్యాన్లు, ముప్ఫై రెండు మంది. అది వదిలేద్దాం. సార్ వినడం నేర్పే పద్ధతి మాత్రం ఇంకెక్కడా చూడలేదు.

రెండో వారంలో పుస్తకం మూసేసి రెండో ప్రపంచ యుద్ధం ఎత్తుకున్నారు. 1942 జూన్‌లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో క్యాంప్ రిచీ అనే చోట సైనిక ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ మొదలైందట. అక్కడ తయారైన దాదాపు 20,000 మందిలో 2,000 మందికి పైగా జర్మనీ, ఆస్ట్రియాల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన యూదు కుర్రాళ్లే. కాగితాల్లో కొందరు అప్పటికింకా శత్రుదేశస్థులే! ఎనిమిది వారాల కోర్సు. ఖైదీలను ప్రశ్నించడం, విమానం నుంచి తీసిన ఫొటోలు చదవడం, జర్మన్ సైన్యంలో ఏ దళం ఏమిటో కంఠతా పట్టడం.

"నోరు తెరిస్తే చాలు, కుప్పమా పీలేరా అని మీరు చెప్పెయ్యరూ? వాళ్లకి బెర్లిన్, వియన్నా అంతే" అన్నారు సార్.

అందులో గై స్టెర్న్ అనే ఆయన పదిహేనేళ్లకే, 1937లో, ఒంటరిగా అమెరికా చేరాడు. జర్మన్ సైనికులకు రష్యావాళ్ల చేతికి చిక్కడమంటే హడల్ అని కనిపెట్టి, కమిసార్ క్రుకోవ్ అంటూ రష్యన్ వేషం కట్టి కేకలేసేవాడట. జతగాడు ఫ్రెడ్ హోవార్డ్ బుజ్జగించేవాడు. ఖైదీ నోరు విప్పేవాడు.

మాకూ అదే ఆట పెట్టారు. సార్ బుగ్గలో వక్క పెట్టుకుని ముసలి పేషెంటులా జర్మన్‌లో గొణిగేవారు, మేం విషయం రాబట్టాలి. "నొప్పి ఎక్కడని అడిగితే లేదంటాను. రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకున్నానో అడుగమ్మా" అనేవారు. ఇప్పుడు వార్డులో మన పేషెంట్లనీ అలాగే అడుగుతున్నా.

ఇంకో రోజు అదే క్యాంపులో తయారైన కర్ట్ జేకబ్స్, ముర్రే జాప్లర్‌ల సంగతి చెప్పారు. 1944 డిసెంబర్‌లో పట్టుబడిన ఆ ఇద్దరినీ, బెర్లిన్ యూదులని తెలిసి ఓ జర్మన్ కెప్టెన్ కాల్పించేశాడు. ఆ పూట క్లాసు తొందరగా వదిలేశారు.

ఇక తిట్లు. ప్రాక్టీసుకని నేను జర్మన్‌లో రాసిచ్చిన పదకొండు ఉత్తరాలూ దిద్దకుండానే సార్ సొరుగులో ఉండిపోయాయి. ఆఫీసులో అడిగితే "మెటీరియల్ వాట్సాప్‌లో పెట్టాం కదా మేడం" అంటారు. చెన్నైలో పరీక్ష రాస్తే వినడంలో 83, రాయడంలో 51. పాస్ మార్కు 60. ఆ ఒక్క పేపరుకి మళ్లీ ఫీజు, మళ్లీ చెన్నై ప్రయాణం.

చేరేవాళ్లు డబ్బంతా ఒకేసారి కట్టకండి. ముందు వరసలో కూర్చోండి, బుగ్గలో వక్క ఉంటే సార్ మాట వెనక బెంచీ దాకా రాదు.