పాత తూటాలు సేకరించేవాళ్లు మొదటి తూటాగా ఏది కొనాలి: థ్యూర్, .46 రెమింగ్టన్, .44 కోల్ట్

1855 ఏప్రిల్ 3న రోలిన్ వైట్ అనే అమెరికన్ తుపాకుల పనివాడు పేటెంట్ తీసుకోకపోతే ఈ తూటాలు ఇంత చిత్రంగా ఉండేవి కావు. రివాల్వర్‌లో గుళ్లు పట్టి తిరిగే సిలిండర్‌కి ఆ చివర నుంచి ఈ చివరకి రంధ్రం చేసి వెనక నుంచి తూటా పెట్టే పద్ధతి మీద హక్కు 1869 దాకా స్మిత్ అండ్ వెస్సన్ తుపాకుల కంపెనీ చేతిలోనే ఉంది. మందు, గుండు, మందుని అంటించే క్యాప్ విడివిడిగా పెట్టుకునే పాత రివాల్వర్లేమో అమెరికాలో లక్షల్లో ఉన్నాయి. వాటిని మార్చడానికి ఎవరి దారి వారు వెతుక్కున్నారు.

కోల్ట్ కంపెనీలో అలెగ్జాండర్ థ్యూర్ 1868లో పట్టిన దారి అన్నిటికన్నా తెలివైనది. తూటాని ముందు నుంచే పెడితే పేటెంట్ అడ్డు రాదు కదా! అందుకే థ్యూర్ తూటాకి అంచు ఉండదు, వెనక్కి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. కాల్చాక సిలిండర్ వెనకున్న రింగు తిప్పి రివాల్వర్ సుత్తి కొడితే ఖాళీ కేస్ (తూటా లోహపు గొట్టం) ముందుకి ఎగిరిపడుతుంది. నాకు ఎంతో ఇష్టమైన తూటా ఇదే. అయినా మొదట ఇది కొనమని చెప్పను. చాలా అరుదు, ఖరీదు. పైగా అంచు లేని ఆ నున్నటి ఇత్తడి కేస్‌కి నకిలీ చేయడం లేత్ మెషీన్ ఉన్నవాళ్లకి పెద్ద పని కాదు. అసలు పెట్టె, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పే కాగితం లేకుండా డబ్బు పెట్టకండి.

రెమింగ్టన్ కంపెనీ ఆ పేటెంట్‌కి రాయల్టీ కట్టి నేరుగా వెళ్లింది. ఆరు గుళ్ల .44 ఆర్మీ రివాల్వర్ అయిదు గుళ్ల .46 రిమ్‌ఫైర్ (నిప్పు పుట్టించే మందు అంచులోనే ఉండే తూటా) రివాల్వర్ అయింది. మంచి తూటానే, కానీ దాన్ని చూస్తే పేటెంట్ గొడవ ఏమీ తెలియదు.

నా ఓటు .44 కోల్ట్‌కి, అందులోనూ ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫోర్డ్ ఆర్సెనల్ అనే సైనిక ఆయుధశాల చేసిన రాగి కేస్‌కి. కోల్ట్ కంపెనీలోని చార్ల్స్ రిచర్డ్స్ 1871 పేటెంట్ ప్రకారం మార్చిన కోల్ట్ 1860 ఆర్మీ రివాల్వర్ల కోసం చేసినది. అడుగు నున్నగా ఉంటుంది, సుత్తి దెబ్బకి నిప్పు పుట్టించే ప్రైమర్ కనిపించదు. చూడగానే రిమ్‌ఫైర్ అనుకుంటారు. తిప్పి పక్క నుంచి చూడండి: అంచుకి కొంచెం పైన రెండు నొక్కులు ఉంటాయి. లోపల ప్రైమర్ గిన్నెని పట్టి ఉంచేవి అవే. ఇది అమెరికా సైనికాధికారి స్టీఫెన్ బెనే పేరున్న పద్ధతి. రివాల్వర్ పాత గొట్టానికి (బ్యారెల్) సరిపోవాలని బుల్లెట్‌ని కేస్ బయటి కొలతకే చేసి, దాని మడమ మాత్రం సన్నగా తీసి లోపల దించారు. ఇవే నొక్కులున్న .45 కోల్ట్‌తో పొరబడకుండా కాపాడేది ఈ బుల్లెట్టే; .45లో అది కేస్ లోపలికి దిగి ఉంటుంది. ఫ్రాంక్‌ఫోర్డ్ వాళ్లు 1877 దాకా అడుగున ముద్ర వేయలేదు కాబట్టి, ముద్ర లేదని అనుమానపడనక్కర్లేదు.

రాగిని పాలిష్ చేయకండి. బుల్లెట్ ఊడదీయకండి, లోపలి మందు ఇంకా పేలగలదు. అమెరికాలో సేకరించే మనవాళ్లు ఇండియా ప్రయాణానికి ముందు సూట్‌కేసు మూలమూలా వెతుక్కోండి. లైసెన్స్ లేకుండా ఒక్క తూటా దొరికినా ఇక్కడ ఆయుధాల చట్టం కింద కేసే.