నీడ పడే డాబాకు స్ట్రింగ్ ఇన్వర్టరా, మైక్రో ఇన్వర్టరా?

సోలార్ ప్యానెళ్లు ఇచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చేది ఇన్వర్టర్. స్ట్రింగ్ ఇన్వర్టర్ పద్ధతిలో ప్యానెళ్లు వరుసగా కలిసి ఒకే ఇన్వర్టర్‌కు చేరి, అన్నిటిలోనూ ఒకే కరెంటు ప్రవహిస్తుంది కనుక, నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్‌పై పడినా వరుస మొత్తం ఉత్పత్తి దెబ్బతినవచ్చు. సాధారణంగా ప్యానెల్‌కు 3 చొప్పున ఉండే బైపాస్ డయోడ్లు నీడపడిన భాగాన్ని తప్పించి కరెంటుకు దారి ఇస్తాయి గాని, ఆ భాగం ఉత్పత్తి పోయినట్టే.

మైక్రో ఇన్వర్టర్ ప్రతి ప్యానెల్ కిందా విడిగా ఉండి డీసీని అక్కడే ఏసీగా మారుస్తుంది కాబట్టి ఒకదానిపై పడ్డ నీడ పక్కదాని ఉత్పత్తిని తగ్గించదు. అయితే ధర ఎక్కువ, పాడైతే ప్యానెల్ విప్పాలి.

మబ్బు సంగతి వేరు. అది అన్ని ప్యానెళ్లపైనా దాదాపు సమానంగా వెలుతురును తగ్గిస్తుంది కాబట్టి, శ్రావణ ముసురుకు మందుగా మైక్రో ఇన్వర్టర్ కొనడం దండగ. నడిమధ్యాహ్నం కూడా కొబ్బరిచెట్టు నీడ తప్పని ఇంటికే ఆ అదనపు ఖర్చు సబబు.