కారు రిపేరుకి పానాలు: పెట్టె సెట్టా, విడి ముక్కలా?

"బావా, వీటిలో ఏది కొనమంటావు?" అని మా బావమరిది రెండు పానాల పెట్టెల ఫొటోలు పంపాడు. మొదటిది చిన్న ప్లాస్టిక్ పెట్టె. లోపల 46 ముక్కలు మిలమిలా మెరుస్తున్నాయి, ధర ఆరు వందల చిల్లర. రెండోది సూట్‌కేసులా ఉంది, వందకు పైగా ముక్కలు, ధర ఆరు వేల పైన. ఈ రెండు ఫొటోలే వేరే వేరే మనుషుల నుంచి ఈ ఏడాదిలో నాకు కనీసం ఐదుసార్లు వచ్చాయి. ప్రతిసారీ "రెండూ వద్దు" అంటాను, అవతలివాడు నొచ్చుకుంటాడు. అందుకే ఈసారి కారణాలతో సహా రాస్తున్నాను.

ఇంటి దగ్గర మనం చేసే పనులేమిటో ముందే అనుకుందాం. ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్యాటరీ, స్పార్క్ ప్లగ్గులు, టైరు మార్పిడి, కాస్త ధైర్యం ఉంటే ముందు బ్రేక్ ప్యాడ్లు. క్లచ్ దించేవాళ్లకి నా సలహా అక్కర్లేదు.

నేనూ 46 ముక్కల పెట్టెతోనే మొదలుపెట్టాను. బ్యాటరీ టెర్మినల్ విప్పాను, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచాను, పెద్ద మెకానిక్‌నైపోయానని సంబరపడ్డాను. తర్వాత ఒక ఆదివారం బ్రేక్ ప్యాడ్లు మారుద్దామని కూర్చున్నాను. ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్ వెనక బోల్టు మీద సాకెట్ (బోల్టు తలకి టోపీలా తొడిగే ముక్క) వేసి, కాలితో ఒక్క తన్ను తన్నాను. సాకెట్ టక్కున జారింది, చెయ్యి బ్రేక్ డిస్కుకి తగిలి తోలు లేచింది. అది పెద్ద బాధ కాదు. బోల్టు తల మూలలు అరిగి గుండ్రంగా తయారయ్యాయి, అదీ అసలు బాధ. మర్నాడు మెకానిక్ వచ్చి దాన్ని చూడగానే "పన్నెండు మూలల గోటీ వేశారా సార్?" అన్నాడు. గోటీ అంటే వాళ్ల భాషలో సాకెట్. ఒక సైజు తక్కువ సాకెట్‌ని సుత్తితో ఆ తల మీదికి దిగ్గొట్టి బోల్టు ఊడదీశాడు. అతను తీసుకున్న డబ్బులు, కొత్త బోల్టు ఖర్చు కలిపితే నా పెట్టె ఖరీదు దాటింది.

అతను అడిగిన ఆ ఒక్క ప్రశ్నే నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం. బ్రాండు, ముక్కల సంఖ్య, మెరుపు, వారంటీ, అన్నీ దాని తర్వాతే.

సాకెట్ లోపలికి తొంగి చూస్తే కొన్నిటికి ఆరు మూలలుంటాయి, కొన్నిటికి పన్నెండు. కొట్టువాళ్ల భాషలో హెక్స్, బై-హెక్స్. బోల్టు తలకి ఉన్నవి ఆరు పలకలు. ఆరు మూలల సాకెట్ ఆ పలకల మీద ఆనుకుని తిప్పుతుంది. పన్నెండు మూలలది పలక చివర, మూలకి దగ్గరగా, సన్నటి గీత మీద మాత్రమే పట్టుకుంటుంది. బోల్టు కొత్తదై సులువుగా కదిలితే రెంటికీ తేడా తెలియదు. తుప్పు పట్టి మొరాయించినప్పుడు బలమంతా ఆ మూల మీదే పడుతుంది, మూల లొంగిపోతుంది. చవక ఉక్కు సాకెట్ అయితే ఒత్తిడికి తనే కాస్త వెడల్పవుతుంది కూడా, ఇంక పట్టు ఎక్కడిది!

మరి పన్నెండు మూలలవి ఎందుకు చేస్తారంటే, చోటు లేనిచోట సుఖం. పానా 30 డిగ్రీలు తిప్పి మళ్లీ కొత్తగా వేసుకోవచ్చు. ఆరు మూలలదైతే 60 డిగ్రీలు తిరగాలి. మంచి కంపెనీల రింగ్ పానాలు (చివర గుండ్రటి కన్నం ఉండేవి) కూడా మామూలుగా పన్నెండు మూలలవే. అందుకని నేను పాటించేది ఇది: బిగిసిపోయిన బోల్టుని మొదటిసారి కదిలించేది ఆరు మూలల సాకెట్, కదిలాక ఇరుకులో విప్పేది రింగ్ పానా. ఈ రెండూ ఉంటే నోరు తెరిచి ఉండే డీ పానా అవసరం చాలా తక్కువ. అది రెండు పలకల్నే పట్టుకుంటుంది, బలం పెడితే దవడలు విచ్చుకుంటాయి. పైపు నట్ల లాంటి, పైనుంచి రింగు దిగని చోట తప్ప నేను దాని జోలికి పోను.

"క్రోమ్ వనాడియం ఉక్కు అని ముద్ర ఉంది కదా" అంటారు. ఉంటుంది. ఆరు వందల పెట్టె మీదా ఉంటుంది, ఆరు వేల దాని మీదా ఉంటుంది. ముద్ర కొట్టడం తేలిక. లోహం అదే అయినా దాన్ని ఎంత వేడి చేసి ఎలా చల్లార్చారు, లోపలి కొలత ఎంత కచ్చితంగా కోశారు అన్నదాన్నిబట్టి నాణ్యత మారుతుంది. ఆ రెండూ ముద్రలో కనిపించవు. కొట్టులో చెయ్యగలిగిన పరీక్ష ఒకటుంది: మీ బండి బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లి సాకెట్‌లో పెట్టి ఆడించి చూడండి. లొడలొడలాడితే వద్దు.

రెండో సంగతి సైజులు. పెట్టె సెట్‌లో డబ్బు దండగయ్యేది ఇక్కడే. మారుతీ, టయోటా లాంటి జపాను వంశం బండ్లలో మాటిమాటికీ తగిలే బోల్టు తల సైజులు, మిల్లీమీటర్లలో, 10, 12, 14, 17, 19. హ్యుందాయ్‌లో కూడా ఇంచుమించు ఇవే, చక్రం నట్టు మాత్రం 21. టాటా, మహీంద్రాల్లో 10 తర్వాత ఎక్కువగా 13 పలకరిస్తుంది. ఫోక్స్‌వాగన్, స్కోడాల్లో 10, 13, 16, 18, వీటికి తోడు నక్షత్రం తలల టార్క్స్ బోల్టులు. కారణం చిన్నదే. ఒకే 8 మిల్లీమీటర్ల బోల్టుకి జపాను పద్ధతిలో తల 12 పెడతారు, యూరప్ పద్ధతిలో 13. అంటే ఏ ఒక్క బండికైనా నిజంగా పనికొచ్చేవి ఐదారు సాకెట్లే. వంద ముక్కల సూట్‌కేసులో మిగిలినవన్నీ స్క్రూ బిట్లు, మనం ఎన్నడూ వాడని బుల్లి సాకెట్లు. మీకు కావాల్సిన 19, 21 చిన్న పెట్టెల్లో చాలావాటిలో అసలుండవు. నా 46 ముక్కల దానిలో పెద్ద సాకెట్ 14 దగ్గరే ఆగిపోయింది.

దానికి ఇంకో లోటు కూడా ఉంది. హ్యాండిల్ చివర సాకెట్ తగిలించే చదరపు మొన (డ్రైవ్ అంటారు) పావు అంగుళమే. చక్రం నట్ల బిగింపు పాత చిన్న మారుతీలకి 85 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) దగ్గర, పోలోకి 120. సుమారు వంద అనుకుందాం. పావు మీటరు పొడవున్న హ్యాండిల్ మీద అంత రావాలంటే చివర 40 కిలోల బరువు వెయ్యాలి. అర మీటరుకి కాస్త తక్కువుండే పొడుగు హ్యాండిల్‌తో అదే పని 22, 23 కిలోలతో అయిపోతుంది. పావు అంగుళం రాట్చెట్ (ముందుకీ వెనక్కీ ఆడిస్తే ఒకవైపే తిప్పే పళ్ల హ్యాండిల్) అరచెయ్యంత ఉంటుంది. దాని మీద కాలు పెడితే లోపలి పళ్లు విరుగుతాయి. పొరపాటున పళ్లు విరగకపోతే మన వేళ్లు విరుగుతాయి.

విదేశాల్లో ఇంటి పనికి మూడెనిమిదులు, అంటే 3/8 అంగుళం డ్రైవ్ వాడతారు. నిజానికి కారుకి సరైన కొలత అదే. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ హార్బర్ ఫ్రైట్ కొట్లో చేతి పనిముట్లకి జీవితకాలం వారంటీ ఉంది, విరిగితే పట్టుకెళ్లి మార్చుకోవడమేనని మురిసిపోతుంటాడు. అక్కడుంటే నేనూ అదే కొంటాను. కానీ ఇక్కడ మామూలు హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి 3/8లో ఒక్క ముక్క ఇవ్వమంటే దొరికే చోట్లు తక్కువ. అర అంగుళం అయితే సందు చివర కొట్లో కూడా విడిగా దొరుకుతుంది. పోయిన ముక్క ఒక్కటే మళ్లీ కొనుక్కోగలగడం మా తమ్ముడి వారంటీ కన్నా మనకి అక్కరకొస్తుంది. అందుకే అర అంగుళానికే నా ఓటు. అది లావుగా ఉండి దూరని చోట రింగ్ పానా ఉండనే ఉంది.

ఇక బ్రాండ్లు. పేరులేని సరుకు గురించి పైన చెప్పేశాను. నాసిక్‌లో తయారయ్యే టపారియా, జలంధర్ నుంచి వచ్చే కంపెనీల సరుకు మధ్య మెట్టు. స్టాన్లీ లాంటి విదేశీ పేర్లు దాని పై మెట్టు. గెడోర్ లాంటి జర్మన్ సరుకు ఇంకా పైన, ఇంట్లో నెలకోసారి విప్పి బిగించుకునేవాడికి అంత అక్కర్లేదు. మధ్య మెట్టుకీ పై మెట్టుకీ నేను వాడినంతలో కనిపించిన తేడా పూతలో, పట్టులో, రాట్చెట్ మెత్తదనంలో. బోల్టుని పట్టుకోవడంలో తేడా కనిపించలేదు. పేరులేనిదానికీ మధ్య మెట్టుకీ ఉన్న తేడా మాత్రం చెయ్యి తోలంత! కాబట్టి డబ్బు ఆ మొదటి మెట్టు ఎక్కడానికి పెట్టండి, రెండో మెట్టు కోసం ఆరాటపడకండి. రాట్చెట్ ఒక్కటీ స్టాన్లీది కొన్నాను. అవసరమా అంటే కాదు, చేతికి హాయిగా ఉందంతే.

టపారియా పేరుతో నకిలీలు కూడా తిరుగుతున్నాయి. అక్షరాల ముద్ర మసకగా ఉన్నా, కొట్టువాడు బిల్లు ఇవ్వడానికి నసిగినా వదిలెయ్యండి.

నేను చివరికి కొన్నవి ఇవి: 6×7 నుంచి 20×22 దాకా ఎనిమిది రింగ్ పానాల సెట్ (ఒక్కోదానికి రెండు చివర్లా రెండు సైజులు), ఆరు మూలల అర అంగుళం సాకెట్లు ఆరు, ఒక రాట్చెట్, చిన్నదీ పెద్దదీ రెండు ఎక్స్‌టెన్షన్లు (సాకెట్‌ని లోతుకి అందించే కడ్డీలు), అడుగున్నర పొడవు తల తిరిగే హ్యాండిల్, ఒక కటింగ్ ప్లయర్, రెండు స్క్రూడ్రైవర్లు. అన్నీ కలిపి నాలుగున్నర వేల లోపే అయ్యాయి. ధరలు కొట్టుకీ కొట్టుకీ మారతాయి, బేరం మీ ఇష్టం. ఇది ఆ సూట్‌కేసు కన్నా తక్కువ, పైగా ఒక్కసారే కొనక్కర్లేదు. నేను ఆయిలు మార్చిన నెల కొన్ని, బ్రేకుల పని పెట్టుకున్న నెల కొన్ని కొన్నాను. స్పార్క్ ప్లగ్గు సాకెట్ విడిగా కావాలి, చాలా కొత్త బండ్లకి 16. కొనే ముందు మీ ప్లగ్గు సైజు చూసుకోండి.

స్క్రూడ్రైవర్ దగ్గర ఒక పక్కమాట. జపాను డిజైను బండ్లలో ప్లస్ స్క్రూలు తరచు జేఐఎస్ (జపాను పారిశ్రామిక ప్రమాణం) తరహావి. మామూలు ఫిలిప్స్ మొన వాటిలో అడుగుదాకా కూర్చోదు, తిప్పగానే పైకి జారి తలని పాడుచేస్తుంది. "స్క్రూ బాగా బిగిసింది" అనుకుంటాం గానీ తప్పు మన మొనది. వెస్సెల్ లాంటి జపాను కంపెనీ స్క్రూడ్రైవర్ ఒకటి ఉంటే ఆ బాధ పోతుంది. ఖరీదు కాస్త ఎక్కువే, అయినా నాకు అస్సలు బాధ కలగని ఖర్చు అదొక్కటే.

దవడ జరుపుకునే స్క్రూ పానా ఇంట్లో నల్లాలకి ఉంచుకోండి, కారు దగ్గరికి తీసుకురాకండి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పానాలు దొరుకుతాయి. వాటిలో మంచి పాత ఉక్కు ఉంటుంది, కళ్లున్నవాళ్లకి లాభమే. నాకు ఆ ఓపిక లేదు. 46 ముక్కల పెట్టె ఇప్పటికే కొనేసి ఉంటే పారెయ్యకండి, డాష్‌బోర్డు స్క్రూలకి అదే సులువు.

టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) కొనాలా అంటే, సొంతంగా చక్రాలు, ప్లగ్గులు బిగించేవాళ్లయితే కొనండి. అల్యూమినియం ఇంజిన్ హెడ్‌లో ప్లగ్గు మర పోతే వచ్చే బిల్లు ముందు రెంచ్ ధర లెక్కలోకి రాదు. దాన్ని బిగించడానికే వాడండి, విప్పడానికి కాదు. పని అయ్యాక స్ప్రింగు వదులు చేసి, స్కేలు మీది కనిష్ఠ అంకె దగ్గర పెట్టి దాచండి. ఇంకో మాట, దీంట్లో నేను రాజీపడను: బండి కింద తల పెట్టే పని ఉంటే టార్క్ రెంచ్ కన్నా ముందు రెండు జాక్ స్టాండ్లు (ఎత్తిన బండిని మోసే ఇనుప స్టాండ్లు) కొనాలి. బండితో ఇచ్చిన జాకీ టైరు మార్చడానికి మాత్రమే.

మా బావమరిదికి ఇదంతా చెప్పాను. వాడిది పాత పోలో, కాబట్టి 10, 13, 16, 18 ఆరు మూలలవి, చక్రాలకి 17, నాలుగు టార్క్స్ బిట్లు రాసిచ్చాను. నిన్న సాయంత్రం సికింద్రాబాద్ రాణీగంజ్ నుంచి ఫోన్ చేశాడు. "బావా, 18 విడిగా లేదట, పెట్టె మొత్తం తీసుకోమంటున్నారు." పక్క కొట్లో అడగమన్నాను. పది నిమిషాలకి ఫొటో పంపాడు. పెద్దది చేసి లోపల మూలలు లెక్కపెట్టాను. పన్నెండున్నాయి. వెనక్కిచ్చెయ్యమని చెప్పాను.