ఆటపాక పక్షుల కేంద్రం: పక్షులకి ఐదు స్టార్లు, దారికి రెండు

ముందే చెప్పేస్తున్నా, కొల్లేరు చూద్దామని బయల్దేరితే కొల్లేరు అంత తేలిగ్గా కనపడదు. జనవరిలో ఒక ఆదివారం విజయవాడ నుంచి గుడివాడ మీదుగా కైకలూరు వెళ్లాం, దారి పొడుగునా మా పిన్ని కిటికీలోంచి చూస్తూ "సరస్సు ఏదిరా?" అని పదిసార్లు అడిగుంటుంది. అటు చూస్తే చేపల చెరువు, ఇటు చూస్తే చేపల చెరువు, మధ్యలో గట్టు, గట్టు మీద మేత బస్తాలు. చిన్నప్పుడు పెద్దింట్లమ్మ తిరనాళ్లకి కొల్లేటికోట తాటిదోనెలో వెళ్లిందట తను, అప్పుడు నీళ్లూ కిక్కిస గడ్డీ తప్ప ఏమీ లేవట. ఇక మేం మాట్లాడుకున్న కారు డ్రైవరు మ్యాప్‌ని నమ్ముకుని ఎవరిదో చెరువు గట్టు మీదికి ఎక్కించేశాడు, వెనక్కి తియ్యడానికి అరగంట, ఆ అరగంటకీ ట్రావెల్స్ వాళ్లు వెయిటింగ్ చార్జీ అడిగారు. పేరెందుకులెండి.

ఆటపాక కైకలూరు పక్కనే, కొల్లేరులో భాగమే. చుట్టూ గట్టున్న పెద్ద చెరువు, నీళ్ల మధ్యలో చెట్లు, చెట్లు చాలక అటవీ శాఖ వాళ్లు పాతిన ఇనప స్టాండ్లు. ఫొటోల్లో చూసినప్పుడు ఆ స్టాండ్లు నాకు నచ్చలేదు, సెల్ టవర్ల మీద పక్షులు కూర్చున్నట్టుంది అనుకున్నా. పడవలో దగ్గరికి వెళ్లాక నోరు మూసుకున్నా. ఒక్కో స్టాండు మీద అంతస్తులుగా పుల్లల గూళ్లు, ప్రతి గూట్లో గూడబాతు (పెలికాన్) పిల్లలు. తల్లి వచ్చి వాలడం ఆలస్యం, పిల్ల తలకాయ మొత్తం దాని ముక్కు కింది సంచిలోకి దూర్చేసింది, మెడ దాకా లోపలే, తల్లిని లోపల్నుంచి తినేస్తోందా అన్నంత గట్టిగా కుమ్ముతోంది. తల్లి మాత్రం ఏమీ పట్టనట్టు ఎటో చూస్తోంది. మా పిన్ని "అచ్చం నీలాగే" అంది. గూడబాతు పైముక్కు మీద వరసగా మచ్చలుంటాయి, ఎవరో సిరా చుక్కలు పెట్టినట్టు, అవి మామూలు కంటికే కనిపించేంత దగ్గరికి వెళ్లాం. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలతో.

వాసన గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. ఎండు చేపల బజారూ కోళ్ల ఫారమూ కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పదినిమిషాల్లో అలవాటవుతుంది. అలవాటు కానిది మా వెనక పడవలో కుర్రాళ్ల బ్లూటూత్ స్పీకరు. స్టాండు మీంచి ఒకేసారి ఇరవై పక్షులు లేచిపోతే వాళ్లు ఈలలేశారు! గూట్లో పిల్లలు ఎండకి అలాగే ఉండిపోయాయి.

తొమ్మిదిన్నరకి చేరాం, అది మా తప్పు. పొద్దున్నే వెళ్లండి, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు చూసుకోండి, టోపీ మాత్రం మర్చిపోకండి.

నిజానికి కొల్లేరు మీద నాకున్న ఇంట్రెస్టు పక్షుల వల్ల వచ్చింది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలో మా ఇంట్లోకి నడుముల్లోతు వచ్చింది. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేట్లోనే, తమ్మిలేరు, రామిలేరు కూడా అక్కడికే, అక్కణ్నుంచి ఉప్పుటేరు పట్టుకుని సముద్రంలోకి పోవాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య దేవుడిచ్చిన పళ్లెం అది. 1999లో +5 కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని ప్రభుత్వం వాళ్లు అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. కొట్టిన గట్లు మళ్లీ లేచాయి. అభయారణ్యం తగ్గేలా కాంటూరుని +3కి దించమని అడిగేవాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేను, అక్కడి ఊళ్లకి ఆ చెరువులే బతుకు. కానీ పళ్లేన్ని గదులు గదులుగా అడ్డం కట్టేస్తే వాననీళ్లు ఎక్కడ పరుచుకోవాలి? గట్టు మీద కారు ఇరుక్కున్న అరగంటా నాకు అదే ఆలోచన.

పడవ నడిపినాయన్ని అడిగాను, అసలు సరస్సు ఎటుందండీ అని. చెయ్యెత్తి తూర్పు చూపించాడు, పడమర చూపించాడు, తర్వాత నవ్వి "అంతా అదేనండి" అన్నాడు.

మధ్యాహ్నం కైకలూరులో ఒక హోటల్లో భోంచేశాం. "కొల్లేరు చేపల పులుసు" అని బోర్డు పెట్టారు, ఉప్పు కాస్త ఎక్కువైనా పులుసు బావుంది. పిన్ని ఒక ముక్క నోట్లో పెట్టుకుని, చిన్నప్పటి రుచి కోసం వెతుక్కుంటున్నట్టు కాసేపు నమిలి, "ఇది చెరువు చేపేరా" అంది. అని, ఇంకో ముక్క వేయించుకుంది.