లండన్‌లో ఇరానీ కేఫ్: కింగ్స్ క్రాస్ దిషూమ్

ఇంటి మీద బెంగతో కింగ్స్ క్రాస్‌లోని దిషూమ్ రెస్టారెంటుకు వెళ్ళే తెలుగువారు ముందుగా గ్రహించవలసింది, అక్కడ మనకు కనిపించేది బొంబాయి వాతావరణమే గాని హైదరాబాదు కాదని. ఇరాన్ నుంచి వలస వచ్చిన జొరాస్ట్రియన్లు (పార్సీల మతం వారే) బొంబాయిలో నడిపిన కేఫ్‌ల స్ఫూర్తితో 2010లో కోవెంట్ గార్డెన్‌లో మొదలైన ఈ సంస్థ, 2014లో కింగ్స్ క్రాస్‌లోని పాత రైల్వే సరుకుల షెడ్డులో ఈ శాఖను తెరిచింది. పాలరాతి బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గోడల నిండా పాత ఫోటోలు చూస్తే సికింద్రాబాదు ఇరానీ హోటళ్ళు గుర్తుకు రాక మానవు. ఈ అలంకరణ వెనుక ఎంతో పరిశోధన ఉన్నదని తెలుస్తూనే ఉంటుంది. నిజమైన ఇరానీ హోటల్ ఇంత శుభ్రంగా ఎప్పుడుందని అనుమానం కూడా కలుగుతుంది.

భోజనం విషయానికి వస్తే, ఇక్కడ నాకు బాగా నచ్చింది ఉదయపు ఫలహారమే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా వేసి మెత్తగా వండే పార్సీల గుడ్డు వంటకం అకూరీ, వెన్న రాసిన బన్ మస్కా, వాటితో చాయ్ తీసుకుంటే కేఫ్ అన్న పేరుకు న్యాయం జరిగినట్టే. అందరూ పొగిడే నల్ల పప్పును 24 గంటలకు పైగా సన్నని సెగ మీద ఉడికిస్తారు. చిక్కగా, కమ్మగా ఉంటుందనడంలో సందేహం లేదు గాని, అది ఇరానీ కేఫ్ సంప్రదాయం కన్నా పంజాబీ వంటింటికే దగ్గర. కారం మాత్రం మన లెక్కలో చాలా తక్కువ.

చాయ్ దగ్గరే హైదరాబాదు నాలుకకు అసలు తేడా తెలుస్తుంది. డికాక్షన్‌ను విడిగా దమ్ పట్టించి, విడిగా మరిగి చిక్కబడిన పాలను కప్పులోనే కలిపే చాయ్‌కి అలవాటు పడినవారికి, అల్లం, ఏలకుల ఘాటుతో వచ్చే ఈ మసాలా చాయ్ వేరే పానీయంలా తోస్తుంది. అయినా అడిగినన్ని సార్లు మళ్ళీ నింపుతారు కనుక, కబుర్లకు కూర్చునేవారికి లోటుండదు.

ఒకే బల్ల దగ్గర రిక్షావాలా, వకీలు కలిసి కూర్చోగలిగిన చవకదనం ఇరానీ హోటల్ ప్రాణం. లండన్ నడిబొడ్డున దాన్ని ఆశించలేం. అయితే ఇక్కడ వడ్డించే ప్రతి భోజనానికీ బదులుగా పిల్లలకు ఒక పూట తిండి పెట్టేందుకు బ్రిటన్‌లో మ్యాజిక్ బ్రేక్‌ఫాస్ట్, భారతదేశంలో అక్షయపాత్ర అనే సేవాసంస్థలకు విరాళమిస్తారు. సాయంత్రాలు క్యూ పొడవుగా ఉంటుంది. పనిదినాల్లో పొద్దున్నే వెళ్ళడం మేలు.