లాసన్స్ బే కాలనీలో మా ఇంటి పునరుద్ధరణ: నిర్మాణ సంస్థ పనితీరు

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలోని మా పాత ఇంటిని బాగుచేసి, పై అంతస్తు వేసిన స్థానిక నిర్మాణ సంస్థ పనితనం నాకు ఎంతో తృప్తినిచ్చింది. ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బడం వల్లనే తీరంలోని స్లాబులు పెచ్చులూడుతాయి కనుక, వారు దెబ్బతిన్న కాంక్రీటును చువ్వల వెనుక వరకు చెక్కి, తుప్పును పూర్తిగా తొలగించాకే మరమ్మతు చేశారు. కొత్త స్లాబుకు, తీరప్రాంత వాతావరణానికి భారతీయ కాంక్రీటు ప్రమాణమైన ఐఎస్ 456 నిర్దేశించిన ఎం30 అనే బలం గల రకం కాంక్రీటు వాడి, 45 మిల్లీమీటర్ల కవరింగ్ (చువ్వలపై ఉండే కాంక్రీటు మందం) ఉండేలా చువ్వల కింద దిమ్మెలు అమర్చి, కాంక్రీటు పోసేముందు నాకు కొలిచి చూపించారు. ఖరీదైన పాలరాయికన్నా ఈ శ్రద్ధే విలువైనదని నా అభిప్రాయం. బాల్కనీ రెయిలింగులకు ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వేశారు. 2014లో హుద్‌హుద్ తుపానును చూసిన ఊరు కాబట్టి, కిటికీల బిగింపులో మరికొంత పట్టుదల చూపవలసింది. రంగుల పని మాత్రం ఆలస్యమైంది.