గులాబీల అమరిక పోటీకి ఏది మేలు: ఫోమా, పిన్ హోల్డరా?

జనవరి చలికి డాబా మీది కుండీల్లో గులాబీలు విరగబూస్తాయి. పూల ప్రదర్శనలూ అప్పుడే వరుసగా వస్తాయి. ఇంట్లో పెంచిన పూలతో అమరిక పోటీకి పేరిచ్చినవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "అక్కా, కాడలు దేంట్లో గుచ్చాలి? పచ్చ ఫోమ్‌లోనా, పిన్ హోల్డర్‌లోనా?" ఫోమ్ అంటే నీళ్లు పీల్చుకునే మెత్తని దిమ్మె, పిన్ హోల్డర్ అంటే సూదులు నిలబెట్టిన బరువైన బిళ్ల. రెండూ చాలా ఏళ్లు వాడాను. డాబా మీద పెంచిన గులాబీలకైతే పిన్ హోల్డరే మేలంటాను. కానీ ఫోమ్ లేకుండా పని జరగని చోట్లు కూడా ఉన్నాయి.

ఇటుకలా ఉండే ఆ పచ్చ ఫోమ్‌ను 1954లో అమెరికాలో వెర్నన్ స్మిథర్స్ తయారుచేశాడు. దాని పేరు ఒయాసిస్. ఇప్పుడు ఏ కంపెనీది కొన్నా చాలామంది ఒయాసిస్ అనే అంటారు. దాంతో సుఖం ఏమిటంటే, కాడను ఎటు గుచ్చితే అటే నిలబడుతుంది. పక్కకు వంచినా, కిందికి వేలాడదీసినా కదలదు. మొదటిసారి పోటీకి వచ్చినవాళ్లకు సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

చిక్కంతా దాన్ని తడపడంలో ఉంది. బకెట్ నీళ్ల మీద వదిలేస్తే అది తనంతట తానే మునగాలి. తొందరపడి చేత్తో నొక్కితే పైపొర తడిసి, లోపల గాలి చిక్కుకుపోతుంది. ఒక ఏడాది నేను చేసిన తప్పు అదే. తొమ్మిది గులాబీలు పెట్టాను, పొద్దున తొమ్మిదింటికి చూడముచ్చటగా ఉన్నాయి. జడ్జీలు వచ్చే వేళకు మూడు పూలు మెడలు వాల్చేశాయి. ఇంటికొచ్చి ఆ ఫోమ్‌ను చాకుతో కోసి చూశాను. అంచులు ముదురు ఆకుపచ్చగా, బరువుగా ఉన్నాయి. నడిమధ్య పిడికెడంత మేర మాత్రం లేత రంగులో పొడిపొడిగా ఉంది. వాలిపోయిన మూడు కాడలూ సరిగ్గా అక్కడ గుచ్చినవే.

ఇంకో సంగతి. ఫోమ్‌లో గుచ్చిన కాడను కొద్దిగా పైకి లాగి సర్దితే దాని కింద ఖాళీ ఏర్పడుతుంది, కాడ చివరకు నీళ్లు అందవు. గులాబీకి దాహం ఎక్కువ. కాడలోకి గాలి చేరిందంటే నీళ్లు పైకెక్కవు, పువ్వు మెడ వంగిపోతుంది. పోటీలో సర్దకుండా ఎవరుంటారు? కాబట్టి తీసిన కాడను మళ్లీ అదే రంధ్రంలో పెట్టకుండా, చివర కొత్తగా కోసి వేరే చోట గుచ్చండి.

పిన్ హోల్డర్ అంటే బరువైన సీసపు బిళ్ల మీద ఇత్తడి సూదులు నిలబెట్టిన పరికరం. జపాన్ వాళ్లు కెంజాన్ అంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒహారా ఉన్‌షిన్ లోతులేని పళ్లెంలో పూలు అమర్చే మోరిబానా పద్ధతి తెచ్చాడు. అలాంటి అమరికలకు ఇది అతికినట్టు సరిపోతుంది. ఆ ఒహారా పద్ధతి నేర్పేవాళ్లు హైదరాబాద్‌లోనూ ఉన్నారు.

దీంట్లో కాడ నిలబెట్టడానికి చెయ్యి తిరగాలి. కాడను ఏటవాలుగా కోసి, ముందు నిట్టనిలువుగా నొక్కాలి. సూదులు దిగేటప్పుడు కసుక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. అది వినపడ్డాకే కావలసిన వైపుకు మెల్లగా వంచాలి. ముందే వంచి గుచ్చితే ఐదు నిమిషాల్లో పడిపోతుంది. కాడ మరీ సన్నమైతే, పక్కన ఇంకో కాడ ముక్క పెట్టి దారంతో కట్టండి. పువ్వు బరువుకు హోల్డర్ ముందుకు లేస్తుంటే, వెనక అంచు మీద ఇంకో హోల్డర్‌ను బోర్లించండి.

ఇంత శ్రమ ఎందుకంటే, కాడ చివర సూటిగా నీళ్లలోనే ఉంటుంది. నడుమ ఏ అడ్డూ లేదు. అమెరికన్ రోజ్ సొసైటీ ఒంటి పువ్వు విభాగంలో నూటికి 15 మార్కులు రేకుల బిగువుకే ఇస్తుంది. ఆ బిగువంతా రేకులోని నీటి వల్ల వచ్చేదే. అమరిక విభాగంలోనూ వాడిపోయిన పువ్వు ఉంటే జడ్జి కన్ను ముందు దాని మీదే పడుతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే కారణం వేరే ఉంది. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కట్టలుగా దొరికే గులాబీలకు కాడలు పొడుగ్గా, కర్రల్లా తిన్నగా ఉంటాయి. మన కుండీలో పూసిన డబుల్ డిలైట్ రకం గులాబీకి అంత కాడ ఎక్కడిది? జానెడు ఉంటుంది, అదీ కాస్త వంకరగా. పొడుగు కూజాలో ఫోమ్ పెట్టి గుచ్చితే అందులో సగం ఫోమ్‌లోకే పోతుంది. లోతులేని పళ్లెంలో పిన్ హోల్డర్ మీద పెడితే అర అంగుళమే పోతుంది, ఆ వంకరే అమరికకు ఒయ్యారం తెస్తుంది. మూడు పూలు చాలు. ఒకటి మొగ్గ, ఒకటి సగం విచ్చింది, ఒకటి ముప్పాతిక విచ్చింది. ఫోమ్ ముందుంటే మాత్రం ఖాళీ కనబడిన చోటల్లా ఇంకో పువ్వు గుచ్చాలనిపిస్తుంది.

లోపాలు పిన్ హోల్డర్‌కూ ఉన్నాయి. పళ్లెంలో నీళ్లు తక్కువ, హాలులో ఫ్యాన్ల గాలికి తొందరగా ఆవిరైపోతాయి. జడ్జింగ్‌కు ముందు చిన్న మగ్గుతో నీళ్లు పోసి రండి. సూదులు బయటికి కనిపిస్తే మార్కులు పోతాయి, ఆకుతోనో గులకరాళ్లతోనో కప్పండి.

లోతైన కూజాలో గుత్తంగా పూలు పెట్టాలంటే కోళ్ల గూటికి కట్టే తీగ జాలీని ఉండలా నలిపి లోపల పెట్టుకోవచ్చు. ఇంగ్లండ్‌లో పూల అమరికలకు పేరుపడ్డ కాన్‌స్టన్స్ స్ప్రై అలాగే చేసేది. చవక, కడిగి మళ్లీ వాడుకోవచ్చు.

ఇక ఫోమ్ ఎక్కడ గెలుస్తుందంటే, ఎత్తైన స్టాండు మీద పూలు కిందికి జాలువారాల్సిన విభాగంలో, గోడకు తగిలించే అమరికలో. అక్కడ పిన్ హోల్డర్ పనికిరాదు. అయితే ముందు పోటీ నిబంధనలు చదవండి. చెల్సీ ఫ్లవర్ షో నడిపే బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో ఫోమ్‌ను నిషేధించింది. అది ప్లాస్టిక్, మట్టిలో కలవదు, పొడిపొడిగా రాలి నీళ్లలో చేరుతుంది. కుండీల్లో వానపాములు కనబడితే సంబరపడే మనం దాన్ని కడిగిన నీళ్లు మొక్కలకు ఎలా పోస్తాం? నేను మానేయడానికి అదీ ఒక కారణం.

ఏది వాడినా ముందురోజు సాయంత్రమే పూలు కోసి, కింది ఆకులు తీసేసి, మెడల దాకా నీళ్లున్న బకెట్‌లో రాత్రంతా చల్లని చోట ఉంచండి. పోయిన వారం మా పక్కింటి అమ్మాయికి నా పాత పిన్ హోల్డర్ ఇచ్చాను. రెండు సూదులు వంగి ఉంటే పట్టకారుతో సరిచేసి ఇచ్చాను. ప్రస్తుతం వాళ్ల వంటింటి గట్టు మీద మందార కొమ్మలతో సాధన చేస్తోంది. గులాబీలు ఇంకా మొగ్గల్లోనే ఉన్నాయి.